తెర మీద బొమ్మ పోకూడదు

సమావేశంలో ఒకరు మాట్లాడటం ముగించి రెండోవారు లేచేసరికి తెర నీలంగా మారుతుంది. ప్రొజెక్టర్ ‘నో సిగ్నల్’ అంటుంది. ఎవరో కేబుల్ పీకి మళ్లీ పెడతారు. మాట్లాడాల్సిన మనిషి సభ ముందు చేతులు కట్టుకుని నిలబడతాడు, చెప్పాలనుకున్న మొదటి మాట గొంతులోనే ఉండిపోతుంది. మీటింగ్ హాళ్లకు వైరింగు చేయించడమే నా వృత్తి. ల్యాప్‌టాప్‌లను మార్చి మార్చి తెరకు కలిపే స్విచ్చర్ గదికి ఏది కొనాలో ఆ మనిషి ఇబ్బందిని దృష్టిలో పెట్టుకునే తేల్చాలన్నది నా పట్టుదల.

కొటేషన్లలో మాత్రం ముందు కనిపించేవి వేరు: ఎన్ని ఇన్‌పుట్లు, ఫోర్‌కే ఉందా, రేటెంత. ఉత్త స్విచ్చర్ చేసే పని ఒక దారి మూసి ఇంకో దారి తెరవడమే. కొత్త ల్యాప్‌టాప్ పంపే బొమ్మ కొలత వేరు, సెకనుకు వచ్చే ఫ్రేముల లెక్క వేరు. ప్రొజెక్టర్ వాటిని మళ్లీ మొదటి నుంచీ పట్టుకోవాలి, ఆలోగా తెర ఖాళీ. స్కేలర్ ఉన్న స్విచ్చర్ అయితే వచ్చిన ప్రతి బొమ్మనూ తన మెమరీలోకి తీసుకుని, ఒకే కొలతకు మార్చి, ఒకే వేగంతో బయటికి పంపుతుంది. ఇవతల ఏ ల్యాప్‌టాప్ మారినా ప్రొజెక్టర్‌కు ఆ సంగతే తెలియదు. ఎనిమిది ఇన్‌పుట్ల ఉత్త స్విచ్చర్ కన్నా నాలుగు ఇన్‌పుట్ల స్కేలర్‌కే నా ఓటు.

అలాగని స్కేలర్లన్నీ ఒకటి కావు. అక్షరాల దగ్గర అసలు రంగు బయటపడుతుంది. పాత ల్యాప్‌టాప్ 1366 బై 768లో పంపిన బొమ్మను 1920 చుక్కల వెడల్పుకు సాగదీయాలంటే ఒక్కో చుక్క దాదాపు 1.4 చుక్కలు కావాలి. చుక్కను ముక్కలు చేయలేం కాబట్టి స్కేలర్ పక్క చుక్కల రంగులు కలిపి సర్దుతుంది. ఆ సర్దుబాటు నాసిరకంగా ఉంటే సన్న గీత ఒకచోట లావుగా, ఇంకోచోట బూడిద రంగులో పడుతుంది. ఇంగ్లిషు అక్షరాలు దీన్ని కొంత తట్టుకుంటాయి, మన లిపి అంతగా తట్టుకోదు. తలకట్టు విడిగా ఉంటే ‘ప’, అంటుకుంటే ‘వ’. ఆ కాస్త సందు పూడిపోతే ‘పంట’ కాస్తా ‘వంట’ అయిపోతుంది. గుడికీ గుడిదీర్ఘానికీ తేడా తెలియదు, ఒత్తులు కింద ముద్దలా మిగులుతాయి. సమీక్షా సమావేశాల్లో ఊళ్ల పేర్లతో, అంకెలతో కిక్కిరిసిన తెలుగు పట్టికలు వేస్తారు. వెనక వరుసలో కూర్చున్నవాళ్లు వాటిని చదవలేకపోతే ఆ గదికి పెట్టిన ఖర్చంతా దండగే. అందుకే డెమో పీస్ వచ్చినప్పుడు కంపెనీవాళ్లు చూపించే పూల వీడియో మీద నా దృష్టి నిలవదు. చిన్న అక్షరాల తెలుగు పట్టిక ఒకటి వేయించి, గది చివరి కుర్చీలో కూర్చుని చదువుతాను. అదే స్లైడులో ఒక గుండ్రటి పై చార్టు కూడా ఉంటుంది. అది కోడిగుడ్డులా సాగితే ఆ సెట్టింగు తప్పు. తెర నిండకపోయినా పర్వాలేదు, అంచుల్లో నల్లపట్టీలు ఉండనివ్వాలి.

స్కేలర్‌కు పని తగ్గించే ఉపాయం కూడా ఉంది. ప్రతి డిస్‌ప్లే తన కొలతలేమిటో ల్యాప్‌టాప్‌కు ఈడీఐడీ ద్వారా చెబుతుంది. ప్రమాణాల సంస్థ వెసా 1994లో తెచ్చిన పద్ధతి ఇది, మూల భాగం 128 బైట్లే. ప్రొజెక్టర్ 1920 బై 1200ది అయితే, ప్రతి ఇన్‌పుట్ దగ్గరా స్విచ్చర్ ఆ కొలతే చెప్పేలా పెట్టుకోవాలి. చాలా సందర్భాల్లో ల్యాప్‌టాప్ అక్షరాలను ఆ కొలతలోనే గీసి పంపుతుంది, సాగదీసే అవసరమే రాదు. ప్రస్తుతం తెర మీద లేని ఇన్‌పుట్లకు కూడా ఈ సమాచారం ఆగకుండా అందాలి. అందకపోతే, వంతు కోసం ఎదురుచూస్తున్న మనిషి ల్యాప్‌టాప్ రెండో తెర పోయిందనుకుని, సర్ది పెట్టుకున్న విండోలన్నీ చెల్లాచెదురు చేస్తుంది.

కాపీ చేయకుండా బొమ్మకు తాళం వేసే హెచ్‌డీసీపీ సంగతీ ముందే చూసుకోవాలి. కొన్ని ల్యాప్‌టాప్‌లు, ముఖ్యంగా యాపిల్‌వి, అవతలి పెట్టెలో హెచ్‌డీసీపీ ఉందని తెలిస్తే చాలు, మామూలు స్లైడ్లకు కూడా తాళం వేసి పంపుతాయి. గదిలో తెర మీద బాగానే కనిపిస్తుంది, రికార్డింగులోనూ వీడియో కాల్‌లో అవతలివారికీ నలుపే. ఇన్‌పుట్ వారీగా హెచ్‌డీసీపీ ఆపుకునే వీలుంటే ఈ బాధ తప్పుతుంది.

ఇక ఫోర్‌కే. రంగు తగ్గించకుండా సెకనుకు 60 ఫ్రేములు పోవాలంటే దాదాపు 18 గిగాబిట్ల దారి కావాలి, హెచ్‌డీఎంఐ 2.0 ఇచ్చేది అంతే. 10.2 గిగాబిట్ల 1.4 పెట్టె మీద కూడా ఫోర్‌కే అనే రాస్తారు, కానీ 30 ఫ్రేములకు మించదు, మౌస్ గుర్తు తడబడుతూ కదులుతుంది. కొన్ని పెట్టెలు 60 ఫ్రేములు ఇస్తూనే రంగు సమాచారం కోసేస్తాయి, నల్లటి స్లైడ్ మీద ఎర్ర అక్షరాల అంచులు చెదిరిపోతాయి. బడ్జెట్ చాలనప్పుడు అరకొర ఫోర్‌కే వద్దు, 1200 గీతల దగ్గరే నికార్సైన స్కేలర్ కొనమంటాను.

చాలా హాళ్లలో బటన్ నొక్కేది అటెండర్. ఆర్డరు పెట్టే ముందు ఆయన్ని పిలిచి, “అన్నా, ఎడమవైపు ల్యాప్‌టాప్ తెర మీద వేయవా” అంటాను. బటన్ల మీద ‘ఇన్‌పుట్ 1’, ‘ఇన్‌పుట్ 2’ అని కాకుండా ‘వేదిక’, ‘టేబుల్ ఎడమ’ అని రాయిస్తే ఆయన ఒక్క నొక్కుతో వేసేస్తాడు. మెనూలు వెతుక్కోవాల్సి వస్తే మాత్రం ఆ పీస్ వెనక్కి పంపేసి ఇంకోటి తెప్పిస్తాను.