తాను చేసిన చప్పుడు

ఎజిలిటీ అనే కుక్కల అడ్డంకుల పరుగు పోటీలో కుక్క దాటాల్సినవి చాలా ఉన్నా, కాలు పెట్టాక కదిలేది మాత్రం ఒక్కటే. అది సీసా బల్ల. పిల్లల పార్కుల్లో ఉండేదే, కాకపోతే కాస్త పొడుగు. సుమారు 3.6 మీటర్ల పలక, నేలకు 60 సెంటీమీటర్ల ఎత్తున ఇరుసు. నేలకు ఆనిన కొసనుంచి కుక్క ఎక్కుతుంది, ఇరుసు దాటుతుంది, మరుక్షణం కాళ్ల కింది పలక వాలిపోయి ధన్‌మని నేలను కొడుతుంది. అంతర్జాతీయ శునక సమాఖ్య (ఎఫ్‌సీఐ) నిబంధనల ప్రకారం వాలాల్సిన సగభాగం మధ్యలో కిలో బరువు పెడితే 2, 3 సెకన్లలో పలక వాలిపోవాలి. కిలో బరువుకే వాలే పలక మీదికి 20 కిలోల కుక్క పరుగెత్తుకొస్తే ఎంత చప్పుడవుతుందో ఊహించుకోవచ్చు. మిగతావన్నీ ఉరుకుతూ దాటిన కుక్క ఇక్కడ బిగుసుకుపోతుంది. ఒక్కసారి బెదిరిందా, ఆ తర్వాత ఆ పలక దూరంగా కనబడినా పక్కకు తప్పుకుంటుంది. కుక్కలో ధైర్యం ఎలా పెంచాలన్న ప్రశ్నకు జవాబు వెతకాలంటే ఇంతకన్నా మంచి చోటు లేదు.

ఈ ఆట గుర్రాల నుంచి వచ్చింది. 1978 ఫిబ్రవరిలో లండన్ ఒలింపియాలో క్రఫ్ట్స్ శునక ప్రదర్శన జరుగుతోంది. రెండు పెద్ద కార్యక్రమాల మధ్య ఖాళీలో ప్రేక్షకులకు కాలక్షేపంగా ఏదైనా పెట్టాలని నిర్వాహకుల్లో ఒకరైన జాన్ వార్లే అనుకున్నారు. గుర్రాల షో జంపింగ్ మీద ఆయనకు మక్కువ. శిక్షకుడు పీటర్ మీన్‌వెల్‌ను పిలిచి, అలాంటిదే కుక్కలకు తయారుచేయమన్నారు. జనానికి తెగ నచ్చింది. 1980లో బ్రిటన్ కెన్నెల్ క్లబ్ దాన్ని క్రీడగా గుర్తించింది. 1996లో ఎఫ్‌సీఐ ప్రపంచ పోటీలు మొదలయ్యాయి.

గుర్రం పోటీని అరువు తెచ్చుకున్నారు గానీ కళ్లెం తేలేదు. తేవడం కుదరదు కూడా. బరిలో కుక్క మెడకు తాడుండదు. కుక్కను నడిపించే మనిషి, అంటే హ్యాండ్లర్, కుక్కను గానీ అడ్డంకులను గానీ తాకకూడదు. చేతిలో తాయిలం ఉండకూడదు, బొమ్మ ఉండకూడదు. దూకాల్సిన కర్ర పడితే 5 తప్పు మార్కులు, పలక దిగేటప్పుడు దాని చివరి పసుపు రంగు భాగం మీద పాదం పెట్టకపోతే మరో 5, అడ్డంకి ముందు మొరాయిస్తే ఇంకో 5, మూడోసారి మొరాయిస్తే ఇంటికే. ఇక మనిషికి మిగిలేవి గొంతు, భుజాల వాలు, అడుగులు. తక్కినదంతా కుక్క ఇష్టం. ఇష్టంలేని కుక్కను ఈ బరిలో పరుగెత్తించే మార్గం నిబంధనల్లోనే లేదు.

తాడు పట్టి లాగి నేర్పే పాత పద్ధతి ఇక్కడ చెల్లకపోవడానికి కారణం ఇదే. తాడుతో నేర్చినది తాడు తీయగానే సన్నగిల్లుతుంది. ఈ చిక్కుకు దారి కొంత సముద్రం వైపునుంచి దొరికింది. కారెన్ ప్రయర్ 1960లలో హవాయిలో డాల్ఫిన్లకు తర్ఫీదు ఇచ్చారు. డాల్ఫిన్ మెడకు తాడు కట్టలేం, గదమాయిస్తే ఈదుకుంటూ అవతలికి పోతుంది. అందుకని ఈల ఊది, ఆ వెంటనే చేప అందించేవారు. ఏ పనికి చేప దక్కిందో ఈల వల్ల దానికి స్పష్టంగా తెలిసేది. ఆమె 1984లో రాసిన 'డోంట్ షూట్ ద డాగ్' తర్వాత ఈ పద్ధతి కుక్కల శిక్షకుల్లోనూ పాకింది. ఈల స్థానంలో టిక్కుమనే చిన్న క్లిక్కర్ వచ్చింది.

ఇప్పుడు మళ్లీ సీసా బల్ల దగ్గరికి వద్దాం. మంచి శిక్షకులు పలక ఎక్కించడంతో మొదలుపెట్టరు, చప్పుడుతో మొదలుపెడతారు. నేలమీద ఒక చెక్క, దాని కింద చిన్న బంతి. కుక్క దాని మీద కాలు వేస్తే చెక్క ఒరిగి టక్కుమంటుంది. టక్కుమన్న వెంటనే తాయిలం. ఈ వరస ముఖ్యం. ముందు చప్పుడు, తర్వాత తిండి. తిండి ముందు చూపించి తర్వాత చప్పుడు చేస్తే, ఆ చప్పుడుకు తిండే సూచన అయిపోతుంది. అలా నేర్చిన కుక్క చివరికి తాయిలం చూసినా అనుమానపడుతుంది. శాస్త్రవేత్త పావ్లోవ్ తన కుక్కలకు గంట మోగించాక అన్నం పెట్టాడు గానీ, అన్నం పెట్టాక గంట మోగించలేదు కదా.

ఆ తర్వాత అసలు పలక. కొస కింద బల్ల పెట్టి, రెండు మూడు అంగుళాలకు మించి కదలకుండా చూస్తారు. పైకి లేచిన కొస మీద కుక్క ముందుకాళ్లు వేసి కిందికి లాగుతుంది. దబ్. తాయిలం. మళ్లీ దబ్. కొన్నాళ్లకు కుక్క తనంతట తాను వచ్చి ఆ పలకను కొడుతుంది, కొట్టి మన ముఖం చూస్తుంది. ఇంగ్లిషు శిక్షకులు దీన్ని 'బ్యాంగ్ గేమ్' అంటారు. ఎత్తును కొంచెం కొంచెంగా పెంచుతారు, మొదట్లో కింద వేసిన మెత్తటి చాపలను ఒక్కొక్కటే తీసేస్తారు. పలకను ఈ చివరినుంచి ఆ చివరికి దాటడం అన్నిటికన్నా ఆఖర్న వస్తుంది. అప్పటికి ఆ చప్పుడు ఎక్కడినుంచో వచ్చి మీదపడేది కాదు, తాను చేసేది. శబ్దం అంతే, బరువు అంతే, మారింది కర్త ఒక్కటే. ఎజిలిటీలో ధైర్యం పెంచే ఉపాయాలన్నిటికీ మూలం నాకు ఇక్కడే కనిపిస్తుంది.

ముక్కు ముందు మాంసం ముక్క ఆడిస్తూ పలక దాటించేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. నేను దీన్ని ఒప్పుకోను. ఆ కుక్క ముక్కు ముక్క వెంట పోతుంది, కాళ్ల సంగతి దానికి పట్టదు. ముక్క మింగాక చూసుకుంటే గాల్లో ఉంటుంది. ఇక తాడుతో ఈడ్చి పలక మీదికి ఎక్కించడమంటారా, ఈత రావడానికి పిల్లాణ్ణి బావిలోకి తోయడమే. కొందరు ఈది పైకొస్తారు. ఆ కొందరినే చూపించి అది పద్ధతి అంటారు.

అందుకే దిగిపోయే హక్కు కుక్కకు మొదటినుంచీ ఉండాలి. సగంలో దిగితే తిట్టరు, తాయిలం ఇవ్వరు, అంతే. దిగడానికి దారి ఉందని తెలిసిన కుక్క మళ్లీ ఎక్కడానికి అంత జంకదు. కాదనే వీలున్న చోట అది చెప్పే అవును నమ్మదగింది.

ధైర్యం ఒక సగమైతే ధ్యాస రెండో సగం. ఇంటి పెరట్లో మెరుపులా ఉరికే కుక్క పోటీ మైదానంలో గడ్డి వాసన చూస్తూ నిలబడిపోతుంది. యజమాని దాన్ని పొగరనుకుంటాడు. చాలాసార్లు అది బెరుకు. నేల వాసన చూడటం, ఆవలించడం, ఉన్నట్టుండి ఒళ్లు గోక్కోవడం, బరంతా గిరగిరా పిచ్చిపరుగు తీయడం, ఇవన్నీ లోపలి ఒత్తిడి బయటపడే తీరులు. అలాంటప్పుడు పేరు పెట్టి పదేపదే పిలిస్తే ఆ పేరుకే విలువ పోతుంది.

అమెరికా శిక్షకురాలు డెనిస్ ఫెంజీ లాంటివాళ్లు దీన్ని తిరగేసి నేర్పుతారు. కొత్తచోటికి వెళ్లగానే పని అడగరు. కుక్క చుట్టూ చూడాలి, వాసనలు పీల్చాలి, దానికి ఎంతసేపు కావాలో అంతసేపు. మనిషి మాట్లాడకుండా నిలబడతాడు. చూడాల్సినవన్నీ చూశాక కుక్క తల తిప్పి మనిషి వైపు చూస్తుంది. అప్పుడు తాయిలం, మళ్లీ మౌనం. కొన్ని రోజులకు ఒక్క చూపుతో సరిపెట్టరు. కుక్క దగ్గరికొచ్చి, ఎగిరి, మొరిగి, 'ఆడదాం రా' అని పోరాలి. అలా పోరినప్పుడే ఆట మొదలవుతుంది. బతిమాలే పని మనిషి నుంచి కుక్కకు మారుతుంది. మొదటిసారి చూసేవాళ్లకు ఇది ఏమీ చేయకుండా నిలబడటంలా కనిపిస్తుంది. ఆ ఓపికే కష్టం.

బెదిరించే వస్తువులకు లెస్లీ మెక్‌డెవిట్ 2007లో 'కంట్రోల్ అన్‌లీష్డ్' పుస్తకంలో మరో ఆట చూపించారు. అరిచే కుక్క గానీ పరుగెత్తే పిల్లలు గానీ దూరంగా కనిపిస్తే, వాటి వైపు చూసినందుకే క్లిక్, తాయిలం. చూపు తిప్పమని అడగరు. చూడటమే పని అయిపోయాక, భయపడటానికి తీరిక తక్కువ. దూరం మాత్రం కుక్కే నిర్ణయించాలి. తాయిలం నోటికి అందించినా తీసుకోవడం లేదంటే బాగా దగ్గరికి వెళ్లిపోయినట్టే.

ధైర్యం పెంచే చిన్న ఉపాయాలు మరికొన్ని ఉన్నాయి. బొమ్మ లాగులాటలో కుక్కను గెలవనివ్వాలి. అభ్యాసం నాలుగైదు నిమిషాలకు మించకూడదు, ఇంకా కావాలంటుండగానే ఆపాలి. 60 సెంటీమీటర్ల ఎడంతో నిలిపిన 12 కర్రల మధ్య మెలికలు తిరిగి వెళ్లడం ఒకేసారి నేర్పితే కుక్క గాభరాపడుతుంది. కెనడా శిక్షకురాలు సూజన్ గారెట్ రెండేసి కర్రలతో మొదలుపెట్టే పద్ధతి అందుకే అంత వాడుకలోకి వచ్చింది.

మనిషి సంగతి కూడా చెప్పాలి. బరిలో కుక్క దారి తప్పిన చాలా సందర్భాల్లో తప్పు హ్యాండ్లర్ అడుగుల్లోనే ఉంటుంది. ఆలస్యంగా తిరుగుతాడు, భుజం ఒకవైపు, మాట మరోవైపు. కుక్క భుజాన్ని నమ్ముతుంది, పాపం తిట్లూ తింటుంది. అక్కడ 'నో' అని అరిస్తే తర్వాతి అడ్డంకి దగ్గర అది ఒక క్షణం ఆగి వెనక్కి చూస్తుంది. సెకనులో వందో వంతు లెక్కించే ఆటలో అరుపుకయ్యే ఖర్చు అది.

ఇక జాతి సంగతి. బార్డర్ కోలీ జాతి కుక్కలే ఈ ఆటకు పుట్టాయన్న మాట తరచూ వింటాం. వాటి వేగం అలాంటిది మరి. అయినా 2024లో న్యూయార్క్ వెస్ట్‌మిన్‌స్టర్ శునక ప్రదర్శనలోని మాస్టర్స్ ఎజిలిటీ పోటీలో గెలిచిన నింబుల్ సంకరజాతి కుక్క. బార్డర్ కోలీ, పాపియాన్ జాతులు కలిసిన చిన్న శాల్తీ. ఆ పోటీలో సంకరజాతి గెలవడం అదే మొదటిసారి.

వీధికుక్కను ఇంటికి తెచ్చుకున్న హైదరాబాదు, విజయవాడ అపార్ట్‌మెంట్లవాళ్లకు చప్పుడు భయం పోగొట్టడానికి సీసా బల్ల అక్కర్లేదు. అట్టపెట్టెలో ఖాళీ ప్లాస్టిక్ సీసాలు నింపి, నాలుగు తాయిలాలు అడుగున వేస్తే చాలు. గలగలలాడించుకుంటూ తానే వెతుక్కుంటుంది. గిన్నె కిందపడితే మంచం కింద దూరే కుక్కలకు మంచి ఆట. దీపావళి టపాసుల భయం మాత్రం దీనితో పూర్తిగా పోతుందని ఆశపడకండి. ఆ చప్పుడు ఎప్పటికీ దాని చేతిలో ఉండదు. ఆ రాత్రికి తలుపులు మూసిన గదే మేలు.

మళ్లీ బరికి వస్తే, అమెరికా పోటీల్లో ఇప్పుడొక వెసులుబాటు ఉంది. ముందుగా చెబితే మార్కులు లేకుండా పరుగెత్తవచ్చు, శబ్దం చేయని బొమ్మను బరిలోకి తీసుకెళ్లవచ్చు. బెదురు కుక్కల యజమానులు ప్రవేశ రుసుం కట్టి, మూడు అడ్డంకులు దాటించి, కాసేపు బొమ్మతో ఆడించి బయటికి వచ్చేస్తారు. అర నిమిషం పని. డబ్బు దండగ అని వెక్కిరించేవాళ్లు లేకపోలేదు. ఒకసారి బరిలో బెదిరిన కుక్కను మళ్లీ మామూలు చేయడానికి పట్టే నెలలు, శిక్షకుల ఫీజులు లెక్కేస్తే ఆ రుసుం చాలా చవక.