మాలీ చేతిలోని మైదానం

పేరున్న గోల్ఫ్ మైదానం గురించి చెప్పేటప్పుడు ముందుగా దాన్ని గీసినవాడి పేరు తలుచుకోవడం ఆనవాయితీ. ఇది డొనాల్డ్ రాస్‌ది, అది అలిస్టర్ మెకంజీది అంటారు, అక్కడితో లెక్క తేలిపోయినట్టు. నాకది సగం నిజంగానే తోస్తుంది. గీసినవాడు కొంతకాలం పనిచేసి తన దారిన పోతాడు. ఆ తర్వాత తరాల పాటు ఆ నేల మీద చేయి వేసేది గడ్డి కోసేవాళ్లు, గుంటల్లో ఇసుక సర్దేవాళ్లు, వానాకాలం రాగానే మొక్కలు నాటించే కమిటీలు. వాళ్లెవరూ మైదానాన్ని మారుస్తున్నామని అనుకోరు, ఉన్నదాన్ని కాపాడుతున్నామనే అనుకుంటారు. పాత మైదానాల తీరు ఎక్కువగా మారింది మాత్రం వాళ్ల చేతుల్లోనే. చక్రాయపేట, పులివెందుల వైపు పెద్దగా తెలియని ఆట కాబట్టి రెండు ముక్కలు చెప్పుకుందాం. బంతి కొడుతూ సాగే కత్తిరించిన గడ్డి బాట ఫెయిర్‌వే. దాని చివర జెండా పాతిన నున్నటి గడ్డి జాగా గ్రీన్. దారిలో అడ్డంగానో పక్కగానో తవ్వి ఇసుక నింపిన గుంట బంకర్. మిగతా నేలంతా పొడవు గడ్డీ చెట్లూ. ఒక ఫెయిర్‌వే, దాని గ్రీన్ కలిస్తే ఒక హోల్.

బంకర్‌లో పడ్డ బంతిని బయటికి తీయాలంటే దాని వెనక ఇసుకను కొట్టాలి. బంతితో పాటు పిడికెడు ఇసుక ఎగిరి గ్రీన్ వైపు అంచు మీద పడుతుంది. ఒక్క దెబ్బ లెక్కలోకి రాదు. ఏళ్ల తరబడి అదే జరిగితే అంచు ఎత్తు పెరుగుతుంది, గుంట ఇంకా లోతైనట్టవుతుంది, గ్రీన్ ఆ పక్కన పైకి లేచి వాన నీళ్లు పారే వాలు కూడా మారుతుంది. అంచున పాకిన గడ్డిని చెక్కిన ప్రతిసారీ గుంట కాస్త వెడల్పవుతుంది, చెక్కకపోతే గడ్డి లోపలికి దిగి ఇరుకవుతుంది. వంకరటింకర అంచు చుట్టూ యంత్రం తిప్పడం కష్టం కాబట్టి ఆ వంకరలను తీసేసి నునుపు చేస్తారు. మన దేశపు కుండపోత వానల్లో మట్టి కొట్టుకొచ్చి ఇసుకలో కలుస్తుంది, అడుగున వేసిన కాలువ పూడుతుంది, ఇసుక గట్టిపడుతుంది. కొత్త ఇసుక పోయాలి. పాపఘ్ని, పెన్నల ఒడ్డున ట్రాక్టరు ఇసుక ధర తెలిసిన మనకు ఆ ఖర్చు సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు. అందుకే నిటారు గోడల మీద ఇసుక మానేసి గడ్డి పరుస్తారు. గుంట అక్కడే ఉంటుంది, దూరంలో నిలబడ్డ ఆటగాడికి మాత్రం కనిపించదు. ఎటు కొట్టాలా అని అతన్ని ఆలోచింపజేయాల్సిన గుంట కనిపించకపోతే ఉన్నా లేనట్టే. ఇక అన్నిటికన్నా చిత్రమైనది గ్రీన్ కుంచించుకుపోవడం. అంచు దాటితే పొడవు గడ్డి గీసుకుపోయి మచ్చ పడుతుందని, కోసేవాడు జాగ్రత్తకొద్దీ వేలెడు లోపలికే తిప్పుతాడు. కొన్ని దశాబ్దాలకు ఆ వేళ్లన్నీ కలిసి గజాలవుతాయి. గ్రీన్‌ను ఆనుకుని తవ్విన బంకర్ పొడవు గడ్డి మధ్య దిక్కులేకుండా మిగులుతుంది. దీని వెనక ఏ తీర్మానమూ లేదు, ఎవరినీ తప్పుపట్టడానికీ లేదు.

ఇంత చిన్న మార్పులు ఆటను నిజంగా మారుస్తాయా అంటే, 2006లో అమెరికాలో జరిగిన మెమోరియల్ టోర్నమెంటు చూడండి. ఆతిథ్యమిచ్చిన జాక్ నిక్లస్ బంకర్లలో ఇసుక సర్దే రేక్‌ల పళ్ల మధ్య ఎడం పెంచాడు. గుంటలు అవే, ఇసుక అదే. ఆ పళ్లు తీసిన చాళ్లలో కూరుకున్న బంతిని తీయలేక పేరున్న ఆటగాళ్లే గొణిగారు. ఆ పని కొత్తదేమీ కాదు, పిట్స్‌బర్గ్ దగ్గరి ఓక్‌మాంట్ మైదానంలో ఒకప్పుడు బరువైన పళ్ల రేక్‌లతో ఇసుకలో చాళ్లు తీయడం మామూలు. ఇక స్కాట్లండ్‌లోని సెయింట్ ఆండ్రూస్ ఓల్డ్ కోర్సులో 17వ హోల్ గ్రీన్ పక్కనున్న రోడ్ బంకర్ ఉంది. 1978 ఓపెన్‌లో జపాన్ ఆటగాడు నకజిమా అందులోంచి బయటపడలేక ఆ ఒక్క హోల్‌కే తొమ్మిది దెబ్బలు ఖర్చుపెట్టాడు. 2000 ఓపెన్‌లో టైగర్ వుడ్స్ నాలుగు రోజులూ ఆ కోర్సులోని ఏ ఒక్క బంకర్‌లోనూ పడకుండా ఆడి గెలిచాడు. అంత ఆలోచన పెట్టించే గుంటల గోడలు కూడా శాశ్వతం కాదు. గడ్డిపెళ్లలు పేర్చి కట్టిన ఆ గోడలు కొన్నేళ్లకు కుంగుతాయి, మళ్లీ కట్టాలి. కట్టిన ప్రతిసారీ కొలత అటో ఇటో అవుతుంది. 2012లో రోడ్ బంకర్‌తో సహా కొన్నిచోట్ల మార్పులు మొదలుపెట్టినప్పుడు ప్రపంచమంతా గగ్గోలు పుట్టింది. ఆ గగ్గోలులో కొంత భక్తి ఉంది, కొంత మతిమరుపూ ఉంది. ఎన్నిసార్లు తిరగ్గట్టినదాన్ని వాళ్లు మొదటి నాటిదనుకున్నారో!

చెట్టు కథ దీనికి అన్న లాంటిది. 1903లో హెన్రీ ఫౌన్స్ ఓక్‌మాంట్‌ను దాదాపు చెట్లు లేని వ్యవసాయ భూమిలో వేశాడు. గాలి, వాలు, బంకర్లు, ఇవే అక్కడి పరీక్షలు. 1950, 60ల్లో అందం కోసం వేల మొక్కలు నాటారు. 1987లో అక్కడి ప్రభుత్వం దానికి జాతీయ చారిత్రక స్థలమని గుర్తింపు ఇచ్చేనాటికి, ఏ రూపానికి చరిత్రలో చోటు దక్కిందో ఆ రూపం కొమ్మల వెనక దాక్కుని ఉంది. 1990ల్లో క్లబ్బు పెద్దలు కొందరు తెల్లవారకముందే, సభ్యులు రాకముందే చెట్లు కొట్టించడం మొదలుపెట్టారు. బయటపడ్డాక క్లబ్బు రెండు వర్గాలైంది. చివరికి వేల చెట్లు పోయాయి, 2007 యూఎస్ ఓపెన్ నాటికి మైదానం మళ్లీ విశాలంగా తేలింది. ఇక్కడ నా వాదన అందం గురించి కాదు. బంకర్ ఆటగాడికి ఒక బేరం పెడుతుంది: ధైర్యముంటే నా మీదుగా కొట్టు, దారి దగ్గరవుతుంది, లేదంటే చుట్టు తిరిగి రా. దాని పక్కన పెరిగిన చెట్టు ఆ బేరాన్నే రద్దు చేస్తుంది. పైన కొమ్మలుంటే బంకర్ మీదుగా కొట్టే ప్రశ్నే రాదు, అందరూ ఒకే దారిన పోవాలి. పైగా నాటిననాడు ఆ మొక్క నడుమెత్తు కూడా ఉండదు. నాటిన కమిటీ దిగిపోయి ఎన్నో కమిటీలు మారాక గానీ దాని నీడ ఎక్కడిదాకా పడుతుందో తేలదు.

కరువు సీమలో కూర్చుని చెట్లు కొట్టమని రాస్తావా అని ఎవరైనా అడిగితే అడగనివ్వండి, న్యాయమైన ప్రశ్నే. ఓక్‌మాంట్ పద్ధతి మనకు పనికిరాదు. మన ఎండల్లో నాలుగు గంటలు నడిచే ఆటగాడికీ, అతని సంచి మోసే క్యాడీకీ నీడ కావాలి. చెట్టు కొట్టాలంటే 2002 నాటి వాల్టా చట్టం కింద అనుమతి కూడా కావాలి, ఉండాల్సిందే. అయితే మన దగ్గర గ్రీన్ల మీద పెంచేది గరిక జాతి గడ్డి, దానికి పొద్దుటి నుంచీ ఎండ తగలాలి. గెనిమ మీది చింతచెట్టు నీడ పడినమేర పైరు ఎదగదని మన రైతుకు తెలుసు, అలాగని ఆ చెట్టును అందరూ కొట్టేయరు కూడా. గ్రీన్‌కు తూర్పున చెట్లు గుంపుగా పెరిగితే గడ్డి పలచబడుతుంది, వేర్లు నీళ్లు లాగేస్తాయి. అప్పుడు మాలీ నీళ్లు, ఎరువు పెంచుతాడు, తేమకు తెగులు వస్తుంది, మందు కొడతాడు. చెట్టును కాపాడామన్న పుణ్యం ఆ మందుల ఖర్చులో కరిగిపోతుంది. కాబట్టి తేల్చుకోవాల్సింది ఏ చెట్టు ఎక్కడ ఉండాలన్నదే. సరిహద్దుల్లో, నడక దారుల్లో, ఆటకు అడ్డం రాని చోట ఎన్నయినా పెంచుకోవచ్చు. సముద్రం ఒడ్డున ఉన్న విశాఖలోని ఈస్ట్ పాయింట్ లాంటి మైదానంలో గాలి కూడా ఆటలో భాగమే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను ఆ ఊరి చెట్లను కూల్చిన తీరు తెలిసిందే. అలాంటి తుఫాను తర్వాత ఖాళీ అయిన ప్రతి చోటా మళ్లీ మొక్క పెట్టడం ఉదారంగా కనిపిస్తుంది. నిజానికది ముప్పై ఏళ్ల తర్వాతి ఆటను ఈరోజే నిర్ణయించడం.

అన్నిటికన్నా గట్టి అభ్యంతరం ఇంకొకటి ఉంది. పాత రూపం అంటున్నావు, ఎప్పటి పాత? గోల్కొండ నయా ఖిలాలో ఈ ప్రశ్నకు తేలిక జవాబు లేదు. అబ్దుల్లా కుతుబ్ షా కాలంలో, ఔరంగజేబు దాడి తర్వాత, కోటకు చేర్చిన ఆవరణ అది. అందులో చాలా భాగం ఇప్పుడు హైదరాబాద్ గోల్ఫ్ క్లబ్బు ఆడే మైదానం. 2014లో పురావస్తు శాఖ అక్కడ తవ్వితే కుతుబ్‌షాహీల తోట ఆనవాళ్లు, నీటి కాలువలు బయటపడ్డాయి. అక్కడే హతియాన్ కా ఝాడ్ అని పిలిచే మహావృక్షం ఉంది. ఆఫ్రికా జాతి బావోబాబ్, నాలుగొందల ఏళ్లు దాటిందంటారు. సెయింట్ ఆండ్రూస్‌లో అందరికన్నా పెద్ద వయసు ఆటది. నయా ఖిలాలో అందరికన్నా చిన్నది ఆటే. అందుకని పాత రూపాన్ని కాపాడాలన్న నా వాదననే ఇక్కడ ఆట మీదికి తిప్పాలి. మూడడుగుల లోతు బంకర్ తవ్వితే నేలకింద పాత కాలువ తెగవచ్చు, ఆ నష్టాన్ని ఏ ఇసుకా పూడ్చలేదు. నీళ్లు ఒంట్లో దాచుకుని ఎండాకాలం గడిపే ఆ చెట్టు మొదట్లో లాన్ కోసం ఏడాది పొడవునా తడి పెడితే కుళ్లు పట్టే ప్రమాదం ఉంది. అక్కడ కొత్త బంకర్ వద్దు, కొత్త మట్టి దిబ్బలూ వద్దు. ఆట కాస్త తేలికైతే అవనివ్వండి.

మిగతా చోట్ల ఎప్పటి పాత అన్నదానికి ఒక పని చేసే జవాబు అమెరికాలోని పైన్‌హర్స్ట్ నంబర్ 2 చూపించింది. డొనాల్డ్ రాస్ 1907లో తెరిచి, దశాబ్దాల పాటు దిద్దుతూ వచ్చిన మైదానం అది. 2010, 11లో దాన్ని బాగుచేసిన బిల్ కూర్, బెన్ క్రెన్‌షాలు రాస్ మనసులో ఏముందోనని ఊహలు పెట్టుకోలేదు. 1943లో విమానం నుంచి తీసిన ఫొటోలు దొరికాయి, వాటిలో ఫెయిర్‌వేల వెడల్పు, ఇసుక అంచులు స్పష్టంగా ఉన్నాయి. వాటి ప్రకారం పోయారు. ఎకరాల కొద్దీ గడ్డి తీసేశారు, సుమారు 1150 ఉన్న స్ప్రింక్లర్లు 450 దాకా తగ్గాయి. కూర్చోబెట్టి తత్వం మాట్లాడితే తేలని తగాదా ఒక ఫొటోతో తేలింది. మన క్లబ్బులకు 1943 నాటి ఫొటోలు దొరకకపోవచ్చు గానీ ఇప్పుడు డ్రోన్లకు కరువు లేదు. ఏటా వేసవిలో, ఇసుక పోయకముందు ఒకసారి, పోశాక ఒకసారి ప్రతి బంకర్‌నూ ఫొటో తీసి, గ్రీన్ అంచును కొలిచి, నాటిన ప్రతి మొక్క పేరూ తేదీ రాసి పెట్టాలి. ఆ పుస్తకం ఒక కాపీ సెక్రటరీ బీరువాలో, ఇంకో కాపీ మాలీల షెడ్డులో ఉండాలి. ఎందుకంటే కమిటీ రెండేళ్లకు మారుతుంది, హెడ్ మాలీ ఇరవై ఏళ్లు ఉంటాడు.