అబీ లింకన్: గొంతు నుంచి మాటకు

ప్రచారం ప్రవేశించినచోట కళ నిష్క్రమిస్తుందని నమ్మే విమర్శకులు అన్ని దేశాల్లోనూ ఉన్నారు. మన కవిత్వ చర్చల్లోనూ ఈ వాదం పాతదే. అమెరికన్ జాజ్ గాయని, గీత రచయిత్రి అబీ లింకన్ (1930-2010) కళాజీవితం దీనికి గట్టి సమాధానమని నా అభిప్రాయం. అయితే ఆ జీవితం అభ్యుదయవాదులమైన మనల్ని కూడా ఒక ప్రశ్న అడుగుతుంది. దాన్ని దాటవేస్తే మన విమర్శ ఏకపక్షమవుతుంది.

ఆమె అసలు పేరు అన్నా మేరీ వూల్‌డ్రిజ్. చికాగోలో పుట్టింది. పన్నెండుమంది సంతానంలో పదవది. మిషిగన్ రాష్ట్రంలోని ఒక పల్లెలో పెరిగింది. అబీ లింకన్ అన్న పేరు గీత రచయిత బాబ్ రస్సెల్ పెట్టినది. 1956లో వచ్చిన ఒక హాలీవుడ్ చిత్రంలో, అంతకుముందు మార్లిన్ మన్రో తొడిగిన గౌనునే ఈమెకు తొడిగి పాడించారు. వినోద పరిశ్రమ ఆమె పాటకంటే రూపాన్నే సరుకుగా చూసింది. ఆ గౌనును ఆమె తర్వాత మంటల పాలు చేసింది.

1960 ఫిబ్రవరిలో గ్రీన్స్‌బరోలో నలుగురు నల్లజాతి విద్యార్థులు, తెల్లవారికే పరిమితమైన ఫలహారశాల బల్ల దగ్గర కూర్చుని కదలలేదు. మార్చిలో దక్షిణాఫ్రికాలోని షార్ప్‌విల్‌లో పోలీసు కాల్పులకు 69 మంది బలయ్యారు. అదే ఏడు ఆగస్టు, సెప్టెంబరులలో డ్రమ్స్ విద్వాంసుడు మాక్స్ రోచ్ ‘వుయ్ ఇన్సిస్ట్’ అన్న సంగీత మాలికను రికార్డు చేశాడు. గీతాలు ఆస్కార్ బ్రౌన్ జూనియర్‌వి, గొంతు అబీ లింకన్‌ది. బానిసలను అదిలించే మేస్త్రీతో మొదలై, విముక్తి దినం మీదుగా నడిచి, ఆఫ్రికాను తలచుకుని, జొహానెస్‌బర్గ్ కోసం కార్చే కన్నీటితో ఈ మాలిక ముగుస్తుంది.

దీని మధ్యలో ప్రార్థన, ప్రతిఘటన, శాంతి అని మూడు భాగాల ఘట్టం ఉంది. అందులో ఒక్క మాట కూడా లేదు. ప్రతిఘటన భాగంలో ఆమె నిమిషానికి పైగా కేకలు పెడుతుంది. తోడు రోచ్ డ్రమ్ములు మాత్రమే. మొదటిసారి విన్నప్పుడు ఇది సంగీతమేనా అని నేనూ సందేహించాను. మళ్లీ వింటే దాని స్థానం అర్థమైంది. అణచుకున్న ప్రార్థన తర్వాత కాకుండా, అలసిన ఊపిరికి ముందు కాకుండా ఆ కేక మరెక్కడ ఉన్నా అరుపుగానే మిగిలేది. అది ఆవేశానికి లొంగిన కళ కాదు, ఆవేశానికి చోటు నిర్ణయించిన శిల్పం.

1961 ఫిబ్రవరిలో లుముంబా హత్యను నిరసిస్తూ భద్రతా సమితి సమావేశ మందిరంలో జరిగిన ప్రదర్శనలో ఆమె పాల్గొంది. ఆ నెలలోనే ‘స్ట్రెయిట్ అహెడ్’ ఆల్బమ్ రికార్డయింది. ‘డౌన్‌బీట్’ పత్రికలో దాన్ని సమీక్షించిన ఐరా గిట్లర్, ఆమె తన జాతినే వృత్తిగా చేసుకుంటున్నదని ఆక్షేపించాడు. 1962లో ఆ పత్రికే జాజ్‌లో జాతి దురభిమానంపై చర్చ జరిపితే, ఆమె, రోచ్, గిట్లర్ ఎదురెదురుగా కూర్చుని వాదించుకున్నారు. ఆ ఆక్షేపణకు నా జవాబు ఒక్కటే. గౌను తొడిగి ప్రేమగీతాలు పాడించినప్పుడు సాగిన వ్యాపారం ఎవరిది? అది శుద్ధకళ, ఇది ప్రచారం అనడం నిష్పాక్షికత అనిపించుకోదు. ఆ తర్వాత ఆమె సొంత ఆల్బమ్ 1973లో జపాన్‌లో గానీ తయారు కాలేదు. దానికి ఒక్క సమీక్షే కారణమని నేననను. కానీ పన్నెండేళ్లు చిన్న వ్యవధి కాదు.

ఇక మన వంతు ప్రశ్న. 1960 నాటి మాలికలో సంగీతం ఒక పురుషుడిది, మాటలు ఇంకో పురుషుడివి. ఉద్యమం కూడా ఆమెను ముందుగా గొంతుగానే గుర్తించింది. నల్లజాతి స్త్రీని గౌరవించేదెవరని 1966లో ‘నీగ్రో డైజెస్ట్’ వ్యాసంలో ఆమె నిలదీసినప్పుడు, ఆ ప్రశ్న తన జాతి పురుషులకు కూడా తగిలింది. 1961 నాటికే మాంక్ స్వరరచన ‘బ్లూ మాంక్’కు మాటలు కట్టిన ఈమె, 1970లో రోచ్‌తో వివాహబంధం ముగిశాక పూర్తి స్థాయి గీత రచయిత్రిగా ఎదిగింది. 1990 నుంచి వెర్వ్ సంస్థ ద్వారా వచ్చిన ఆల్బమ్‌లతో ఆ రచనలు లోకమంతటా వినిపించాయి.

ఈ పాటల్లో నినాదం లేదు. కాలం, ఒంటరితనం, పూర్వీకులు, దైవం ఉన్నాయి. ఇది వెనకడుగని నేను చాలాకాలం అనుకున్నాను. నా పొరపాటు ‘త్రో ఇట్ అవే’ విన్నాక తెలిసింది. పట్టుకోవడం, వదులుకోవడం, సొంతం కావడం దాని వస్తువు. ఆస్తిగా అమ్ముడుపోయిన మనుషుల వారసురాలు సొంతమన్న మాట పలికితే అది వేదాంతం మాత్రమే కాదు, చరిత్ర కూడా. కొన్ని పాటల్లో మార్మికత సామాజిక కారణాలను మరుగుపరిచిన మాట నిజమే. ఆ లోపాన్ని దాచనక్కరలేదు.

2003లో అమెరికా ప్రభుత్వ కళాసంస్థ ఆమెను జాజ్ మాస్టర్‌గా సత్కరించింది. ఒకప్పుడు ప్రచారమనిపించుకున్న ‘వుయ్ ఇన్సిస్ట్’ 2022లో జాతీయ రికార్డింగుల భాండాగారానికి ఎక్కింది. గుర్తింపు ఆలస్యంగానైనా వచ్చింది, సంతోషమే. కానీ మన వేదికలమీద ఇతరులు రాసిన పాటలు పాడుతున్న స్త్రీలను గొంతులుగా మాత్రమే చూస్తున్నామా, వాళ్లు రాయబోయే మాట కోసం చోటు ఉంచుతున్నామా అన్నది మన సంఘాలు తేల్చుకోవలసిన విషయం.