నాగార్జునకొండ కాగితాలు

ఒకసారి తవ్విన చోటును మళ్లీ తవ్వలేం. మట్టిని పొర వెంట పొర తీసేశాక మిగిలేవి ట్రెంచ్ పక్కన కూర్చుని రాసుకున్న నోట్‌బుక్, గీసుకున్న సెక్షన్ బొమ్మ, ఫొటోలు, పెంకుల సంచికి కట్టిన చీటీ. నాగార్జునకొండ విషయంలో ఆ చోటు కూడా మనకు అందదు.

1926లో బయటపడ్డ ఆ లోయలో 1927 నుంచి 1931 దాకా పురావస్తు శాస్త్రవేత్త లాంగ్‌హర్స్ట్ తవ్వించారు. 1938లో టి.ఎన్. రామచంద్రన్ వచ్చారు. లోయను ముంచేసే ఆనకట్ట ఖాయమయ్యాక, 1954 నుంచి 1960 వరకు ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో భారత పురావస్తు శాఖ లోయనంతా గాలించింది. పాతరాతియుగపు పనిముట్లు మొదలు ఇక్ష్వాకుల విజయపురి దాకా అన్నింటినీ నీళ్లు రాకముందే నమోదు చేయాలి. కొన్ని కట్టడాలను కొండ మీదికీ దగ్గర్లోని అనుపుకీ తరలించి మళ్లీ నిలబెట్టారు. మిగతావి జలాశయం అడుగున ఉన్నాయి. ఆ తవ్వకాల నివేదిక మొదటి సంపుటం 1975లో వచ్చింది. చారిత్రక యుగానికి సంబంధించిన రెండోది వచ్చేసరికి 2006. తవ్వకం ముగిసిన 46 ఏళ్లకు! ఈలోగా ఒక తరం పరిశోధకులు క్లుప్తమైన వార్షిక సారాంశాలతో సరిపెట్టుకోవలసి వచ్చింది. ఆ ఆలస్యం నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది.

పాత తవ్వకాల కాగితాలు చదవడం నా పని. అందులో నాకు అన్నిటికంటే విలువైనవి ముడి అంకెలు. కార్బన్ తేదీల సంగతే చూడండి. మొదట్లో లెక్కకు వాడిన కార్బన్-14 అర్ధాయువు, అంటే అది సగానికి తగ్గే కాలం, 5568 ఏళ్లు. అది 5730కి దగ్గరగా ఉంటుందని తర్వాత తేలింది. వాతావరణంలో కార్బన్-14 అన్ని కాలాల్లో ఒకే మోతాదులో లేదని చెట్ల వలయాలు చూపించాయి. అందుకే ఏ పాత తేదీనైనా ఇప్పటి సవరణ పట్టికతో సరిచూడాల్సిందే. నివేదికలో ప్రయోగశాల నంబరు, 1950కి ఎన్నేళ్ల ముందన్న అసలు అంకె, ప్లస్-మైనస్ తేడా ఉంటే అది నిమిషాల్లో అయ్యే పని. ‘క్రీ.పూ. ఇంత’ అని ఊరుకుంటే ఏ అర్ధాయువు వాడారో ఊహించుకోవాలి. వివరాలు దాచకుండా ఇస్తే ఎంత మేలో చూడండి: పాత మహబూబ్‌నగర్ జిల్లా ఉట్నూరులో 1957లో బూడిద దిబ్బ తవ్విన పురావస్తు శాస్త్రవేత్త ఆల్చిన్, పొరల వివరాలతో సహా నివేదిక ప్రచురించారు. అందుకే దక్షిణాది నవీన శిలాయుగపు పశుపాలకుల గురించి రాసేవాళ్లు నేటికీ దాన్నే ముందేసుకు కూర్చుంటారు.

పాత ప్లాన్‌ను ఇప్పటి మ్యాప్ మీద కూర్చోబెట్టాలంటే కొలత ఎక్కడ మొదలైందో తెలియాలి. ‘చింతచెట్టు నుంచి’ అని రాసిన నోట్‌బుక్ ఒకటి నా చేతికొచ్చింది. ఆ చెట్టు ఎప్పుడో పోయింది. రాసినాయన ఉండి ఉంటే ఒక్క మాటతో తేలిపోయేది.

స్కాన్ చేశాం, ఇక భయం లేదు అనేవాళ్లకు లండన్ అనుభవం చెబుతాను. అక్కడ న్యూహామ్ మ్యూజియం పురావస్తు విభాగం మూతపడ్డాక, దాని సమాచారం రెండు వందలకు పైగా ఫ్లాపీల్లో యార్క్‌లోని ఆర్కియాలజీ డేటా సర్వీస్‌కు చేరింది. ఎంత శ్రమపడ్డా అందులో కొంత తిరిగి రాలేదు. కాగితానికి చెదపురుగు ఎలాగో, కంప్యూటర్ ఫైలుకు కాలం చెల్లిన సాఫ్ట్‌వేర్ అలాగ. ఫైళ్లను కొన్నేళ్లకోసారి తెరిచి చూసి, కొత్త రూపంలోకి మార్చే మనిషి ఉండాలి. ఆ మనిషికి జీతమూ ఉండాలి. స్కానర్లు కొనడానికి దొరికే డబ్బు ఈ జీతానికి దొరకదు.

తవ్వకాల్లో పనిచేసి రిటైరైన పెద్దలకు ఒక విన్నపం. మీ బీరువాలో నోట్‌బుక్కులు, నెగెటివ్‌లు ఉంటే బయటికి తీయండి. మీరు వాడిన పొట్టి అక్షరాలకు అర్థాలు, కొలతల మొదలు ఎక్కడో ఒక పేజీలో రాసి జతచేయండి. స్కాన్ కాపీలు కనీసం రెండు సంస్థలకు ఇవ్వండి, అడిగిన విద్యార్థికల్లా చూపించాలన్న షరతుతో. అసలు నోట్‌బుక్‌ను మాత్రం దయచేసి పారేయకండి.