అప్పుకు వెట్టి అని పేరు పెడితే

ఫ్రెంచి కార్మిక చరిత్రను ఇంగ్లీషులో చదివే విద్యార్థికి ‘వర్కర్స్ పాస్‌బుక్’ అనే మాట తగులుతుంది. ‘లివ్రె ఉవ్రియె’కు అది అనువాదం. పాస్‌బుక్ అనగానే మనకు బ్యాంకు లెక్కో, పట్టాదారు హక్కో గుర్తుకొస్తుంది. అక్కడి కార్మికుడికి అది సంకెల. 1803 శాసనం మళ్లీ బిగించిన ఆ పుస్తకంలో యజమాని తానిచ్చిన ముందస్తు పైకం రాసేవాడు. కార్మికుడు మరొకచోట పనికి కుదిరితే, కొత్త యజమాని ఆ బాకీని అతని కూలిలో కోసి పాతవాడికి చెల్లించాలి. 1890లో గాని అది రద్దు కాలేదు. అనువాదకుడు పుస్తకాన్ని తెచ్చాడు, బాకీని అక్కడే వదిలేశాడు. ‘కోర్వే’ విషయంలో మాత్రం ఇంగ్లీషువారు వివేకం చూపారు. దొరకో, రాజుకో రైతు కూలి లేకుండా చేసే ఆ పనికి ఫ్రెంచి పేరునే ఉంచుకున్నారు.

కోర్వేకు మన దగ్గర సమీపమైన మాట వెట్టి. లివ్రెలోని బాకీకి సమీపమైనది భగేలా. నిజాం కాలంలో మా యాదగిరిగుట్ట ప్రాంతంలో ఈ రెంటినీ ఎవరూ ఒకటిగా చూడలేదు. వెట్టికి అప్పుతో పనిలేదు, ఫలానా కులంలో పుట్టితే చాలు. మాదిగ చెప్పులు కుట్టివ్వాలి, కుమ్మరి కుండలివ్వాలి, చాకలి బట్టలుతకాలి. దొరకే కాదు, దౌరా మీద వచ్చిన అధికారికి కూడా. భగేలాకు మూలం అప్పు. తండ్రి తెచ్చిన గింజలకు కొడుకు చాకిరి. 1944లో ఇక్కడికి దగ్గరలోని భువనగిరిలో రావి నారాయణరెడ్డి అధ్యక్షతన ఆంధ్రమహాసభ జరిగిన రోజుల్లో, దేనిపై పోరాడుతున్నారో జనానికి ఈ మాటలే చెప్పాయి.

1976 నాటి కేంద్ర చట్టం ఇంగ్లీషు ప్రతి భగేలా, జీతా, పాలేరు, వెట్టి అనే పేర్లను అనువదించకుండా యథాతథంగా జాబితాలో చేర్చింది. మంచి పనే. దాని నిర్వచనం మొదలయ్యేది ముందస్తు పైకంతో. కులం, ఆచారం తర్వాత వస్తాయి. తెలుగులో ఆ చట్టం ‘వెట్టిచాకిరి నిర్మూలన చట్టం’ అయింది! అప్పు మళ్లీ జారిపోయింది. ఒడిశా నుంచి అడ్వాన్సుపై కుటుంబాలను తెచ్చుకున్న ఇటుకబట్టీ యజమాని, ‘ముందే డబ్బిచ్చాను, ఇది వెట్టి ఎట్లా అవుతుంది?’ అంటే, తెలుగు మాట ప్రకారం అతని వాదన నిలుస్తుంది. చట్టం ప్రకారం నిలవదు.

పోరాటాల్లో వెట్టి అర్థం విస్తరించిందని మిత్రులంటారు. సభలో, పాటలో విస్తరించనివ్వండి. అధికారి ముందు నిలబడ్డ కూలీకి కావలసింది తన బాకీని పేరు పెట్టి పిలిచే మాట. నేనైతే ‘బాకీ చాకిరి’ అంటాను. లివ్రెను కూడా ‘బాకీ పుస్తకం’ అనే రాస్తాను.