వెంట్రుక కన్నా సన్నని దారం

ఆలస్యంగా తల్లి కావడం అనగానే పట్నం, చదువు, ఉద్యోగం గుర్తొస్తాయి. మన రాష్ట్రంలో దానికి ఇంకో కథ ఉంది. 2019-20 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కన ఆంధ్రప్రదేశ్‌లో పిల్లలు కనే వయసున్న వివాహితల్లో నూటికి దాదాపు 70 మందికి కుటుంబ నియంత్రణ ఆపరేషన్ అయిపోయింది. అదీ చాలామందికి పాతికేళ్ల లోపే. ఆ తర్వాత బిడ్డ పోతే? మళ్లీ పెళ్లయితే?

దివిసీమలోని కోడూరు ప్రాంతానికి ఇది ఊహించుకునే ప్రశ్న కాదు. 1977 నవంబరు 19 ఉప్పెన పాలకాయతిప్ప, సొర్లగొంది లాంటి ఊళ్లను ఊడ్చేసింది. దివిసీమ, చుట్టుపక్కల కలిపి చనిపోయినవాళ్లు ప్రభుత్వ లెక్కలోనే దాదాపు 10 వేలు. పిల్లల్ని పోగొట్టుకున్న తల్లుల్లో అప్పటికే ఆపరేషన్ అయినవాళ్లూ ఉండే ఉంటారు. విచిత్రంగా అదే ఏడాది లండన్‌లో రాబర్ట్ విన్‌స్టన్, వాంకూవర్‌లో విక్టర్ గోమెల్ తెగిన అండవాహికను మైక్రోస్కోపు కింద కుట్టే పద్ధతి మీద తమ వ్యాసాలు ప్రచురించారు. 2004 సునామీ తర్వాత తమిళనాడు ప్రభుత్వం బిడ్డల్ని కోల్పోయిన తల్లులకు ఈ ఆపరేషన్ ఉచితంగా చేయించింది. మనవాళ్లు ట్యూబులు కలపడం అనేది దీన్నే.

ఆ పనితనం చూడాలి. అండవాహిక పొడవు పది, పన్నెండు సెంటీమీటర్లు. గర్భసంచికి దగ్గరగా దాని లోపలి దారి ఒక మిల్లీమీటరుకు మించదు. పాత ఆపరేషన్‌లో ముడివేసి కోసినచోట మిగిలిన మచ్చను డాక్టరు ముందు కొద్దికొద్దిగా తీసేస్తారు. ఆరోగ్యమైన గులాబీ రంగు పొర కనిపించేదాకా తీయాలి, అంతకు మించి ఒక్క పొర కూడా పోకూడదు. కుట్టాక ట్యూబు నాలుగు సెంటీమీటర్లన్నా మిగిలితేనే ఆశ. వెంటనే ట్యూబుకు సూది పెట్టరు. కింద వేలాడే పల్చటి పొరను ముందు కుట్టి, రెండు కొసల్నీ లాగుడు లేకుండా ఎదురెదురుగా తెస్తారు. నాకు బాగా నచ్చింది ఈ ఓపికే.

అప్పుడు దారం. ఎయిట్ జీరో దారం మందం మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు కన్నా తక్కువ. గడియారంలో ఆరు, తొమ్మిది, పన్నెండు, మూడు అంకెలున్నచోట్ల నాలుగంటే నాలుగే కుట్లు. సూది కండ పొరలోనే నడవాలి, లోపలి పొరను గుచ్చకూడదు. వల కట్టేవాడికి ముడి ఎంత బిగిస్తే అంత గట్టి. ఇక్కడ ఒక్క పిసరు ఎక్కువ బిగిస్తే కణజాలం చచ్చిపోతుంది. పని సాగినంతసేపూ సెలైన్ చుక్కలతో తడుపుతూనే ఉంటారు, ఆరితే పొరలు ఒకదానికొకటి అతుక్కుంటాయని. గ్లవ్స్ మీది పౌడరు కూడా కడిగేస్తారు. చివర గర్భసంచిలోకి నీలి మందు పంపి చూస్తారు. కుట్టు దాటి అవతలి కొసన నీలం కనిపిస్తే దారి తెరుచుకున్నట్టే.

దారి తెరుచుకుంది సరే, దాని వెంట రావలసిన అండం మాట? ఆడపిల్ల పుట్టేటప్పుడే పది, ఇరవై లక్షల అండాలతో పుడుతుంది. పెద్దమనిషయ్యేసరికి మూడు, నాలుగు లక్షలు. తర్వాత కొత్తవి పుట్టవు. ముప్పై అయిదు దాటాక సంఖ్యతోపాటు నాణ్యతా త్వరగా తగ్గుతుంది. క్రోమోజోముల లెక్క తప్పడం, గర్భం నిలవకపోవడం పెరుగుతాయి. పాతికేళ్లకు ముడివేసిన ట్యూబును ముప్పై రెండుకు కలిపితే గర్భం వచ్చే అవకాశం బాగానే ఉంటుంది. నలభై రెండులో అదే చేయి, అదే దారం, అదే నాలుగు కుట్లు, ఫలితం మాత్రం చాలా తక్కువ. 2019 సెప్టెంబరులో గుంటూరులో 70 దాటిన మహిళ కవలల్ని కన్నప్పుడు పేపర్లు వయసునే పెద్ద అక్షరాల్లో వేశాయి. అండం దాత ఇచ్చిందన్న సంగతి చాలామంది చదవనే లేదు. గర్భసంచిని మందులతో సిద్ధం చేయొచ్చు, అండం వయసు తగ్గించలేం.

అందుకే అసలు పనిమంతులు కత్తి పట్టకముందే సగం పని చేస్తారు. పాత ఆపరేషన్ కాగితం అడుగుతారు, భర్త వీర్య పరీక్ష చేయిస్తారు, అండాల నిల్వ తెలియడానికి ఆమె రక్తంలో ఏఎంహెచ్ అనే హార్మోను చూస్తారు. కలిపిన ట్యూబులోనే గర్భం నిలిచిపోయే ప్రమాదం ఉంది కనుక నెల తప్పగానే స్కానింగుకు రమ్మని ముందే చెబుతారు. నలభై దాటినావిడకు మాత్రం చాలాసార్లు కుట్టనే కుట్టరు, నేరుగా ఐవీఎఫ్ గురించి మాట్లాడతారు.