"నేను టీచర్ని"లో తల ఏది?

"మా మామ టీచర్" అంటాం. ఇందులో క్రియ లేదు. మరాఠీ "ఆహే" లాంటి మాట మనకి అక్కర్లేదు. చిక్కల్లా కంప్యూటర్ కోసం వాక్యాన్ని చెట్టులా గీసేవాళ్లకే. డిపెండెన్సీ వ్యాకరణంలో ప్రతి మాటా ఇంకో మాటకి వేలాడాలి, ఒక్కటి మాత్రం తలగా పైనుండాలి. క్రియే లేకపోతే తల ఎవరు?

జవాబులు రెండు. పాణినీయ కారకాల మీద హైదరాబాదు ట్రిపుల్ ఐటీలో పెంచిన పద్ధతిలో, లేని క్రియకి "నల్" అని ఒక ఖాళీ గూడు పెడతారు. "మామ"ను కర్తగా, "టీచర్"ను కర్తృ సమానాధికరణంగా దానికి తగిలిస్తారు. యూనివర్సల్ డిపెండెన్సీస్‌లో అయితే "టీచర్" అనే నామమే తల.

నా ఓటు రెండోదానికే. "నేను టీచర్ని, నువ్వు టీచర్‌వి, మేము టీచర్లం" అంటాం కదా. "వచ్చాను, వచ్చావు, వచ్చాం"లో క్రియ చేసే పనే ఇక్కడ నామం చేస్తోంది. "టీచర్ని కాను" అని కాదన్నా ఆ "ని" ఊడిపోదు. పని చేసేది నామమైతే, ఖాళీ గూటికి పట్టం కట్టడమెందుకు?

అయితే ఈ పద్ధతితోనూ నాకో పేచీ ఉంది. యూనివర్సల్ డిపెండెన్సీస్‌లోని ఎం.టి.జి. తెలుగు ట్రీబ్యాంకులో 1300 పైచిలుకు వాక్యాలున్నాయి. అవి భద్రిరాజు కృష్ణమూర్తి, గ్విన్ 1985లో వేసిన వ్యాకరణంలోంచి తీసినవి. నియమాలు తేటగా కనిపిస్తాయి, నిజమే. కానీ అది పుస్తకం తెలుగు, మన ఇళ్లల్లోది కాదు.

హోసూరు పక్క మా ఇంట్లో అవ్వ "నేను టీచర్ని" అంటే, పిల్లలు "నేను టీచర్" అనేస్తారు. చుట్టూ వినబడేది తమిళం "నాన్ టీచర్", కన్నడం "నాను టీచర్". రెండింటిలోనూ నామానికి ప్రత్యయం లేదు. పాత తమిళంలో ఇలాంటి ప్రత్యయాలుండేవి, ఇప్పటి మాటలో పోయాయి. మనదీ అదే దారి పడుతోందా?

ఈ ప్రశ్నకి చెట్టు బొమ్మ జవాబు చెప్పదు. అవ్వ వాక్యానికీ పిల్లల వాక్యానికీ గీసే చెట్టు ఒక్కటే. తేడా అంతా పక్కనుండే లక్షణాల గడిలో, పురుషం, వచనం రాసే చోట, ఉంటుంది. ఆ గడిని ఖాళీగా వదిలేసినా, పిల్లల మాటని "తప్పు" అని దిద్ది "ని" చేర్చినా, మన మాట మారిన జాడ చెరిగిపోతుంది.

అందుకే ఎవరైనా మన యాసకి చెట్లు గీస్తే విన్నది విన్నట్టే రాయండి. ఆ గడి నింపండి. ఊరు, వయసు పక్కన వేయండి. బరంపురం, సోలాపురం, యానాం వాళ్లూ, మీ ఇంట్లో "టీచర్నా", ఉత్త "టీచరా"? ఈసారి అవ్వని మాట్లాడించినప్పుడు చెవి పెట్టి వినండి.